నీళ్ల కింద ఊరు, నీళ్ల మీద మనం

గత నవంబరులో మేం ఆరుగురు ఆడవాళ్లం గద్వాలలో బయలుదేరి, వనపర్తి జిల్లా మీదుగా నాగర్‌కర్నూల్ జిల్లాలోని సోమశిల చేరి, అక్కడ పడవెక్కి కృష్ణ మీద శ్రీశైలం దాకా వెళ్లాం. ఐదుగురం పాఠాలు చెప్పుకునేవాళ్లం, ఏదో రాసుకునేవాళ్లం. ఆరో మనిషి మా పెద్దమ్మ. ఆమెకు డెబ్బై అయిదేళ్లు. బడి మొహం చూడలేదు. చూడదగ్గ స్థలాల గురించి చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పడవలో నాకొక ప్రశ్న ఎదురైంది. తిరిగొచ్చి ఇన్నాళ్లయినా అది నన్ను వదల్లేదు. ఒకరి ఇల్లు మునిగితే ఏర్పడిన అందాన్ని చూసి మనం సంతోషపడొచ్చా? పడితే, ఆ సంతోషం మన మీద ఏమన్నా బాకీ పెడుతుందా?

ముందు సంతోషం గురించే చెప్పాలి. ఎందుకంటే అది మాకు ఊరికే దొరకలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు ప్రయాణాలు చెయ్యలేదని కాదు. పుట్టింటికి పోయారు, పురుళ్లకు పోయారు, పెళ్లిళ్లకూ చావులకూ పోయారు, మొక్కు తీర్చుకోవడానికి పోయారు. ఊరికే, చూడ్డానికి పోవడమన్నదే లేదు. మా అమ్మ బతికుండగా బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి నాలుగైదుసార్లు పోయింది గానీ, పక్కనే పారుతున్న కృష్ణ ఒడ్డున పది నిమిషాలు ఉత్తగా కూచున్నట్టు నాకు గుర్తు లేదు. కాబట్టి ఆరుగురం ఒక బండి మాట్లాడుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా, ఏ దేవుడి పేరూ చెప్పకుండా బయటపడటం మాకు పెద్ద విషయమే. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడే నైతికత ఏదైనా సరే, దాన్ని నేను అనుమానంతోనే చూస్తాను. ఆడవాళ్ల సుఖం దగ్గరికొచ్చేసరికి లోకానికి ఎక్కడలేని నీతులూ గుర్తొస్తాయి.

గద్వాల దాటగానే రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు. ఇది విత్తనపత్తి పండించే ప్రాంతం. పువ్వుకు పువ్వు చేత్తో సంకరం చేసే ఆ పనికి ఆడపిల్లల వేళ్లు బాగా పనికొస్తాయని ఏళ్ల తరబడి వాళ్లను బడి మాన్పించి చేలల్లోకి తోలారు. మా కాలేజీకి వచ్చే అమ్మాయిల్లో కొందరు చిన్నప్పుడు ఆ పని చేసినవాళ్లే. కారు అద్దంలోంచి చూస్తే మాత్రం ఎక్కడా బడి మానిన పిల్ల కనపడదు. ఆకుపచ్చని చేలు, తెల్లగా విచ్చిన కాయలు కనపడతాయి. దృశ్యం ఎప్పుడూ కష్టాన్ని దాచుకునే ఉంటుందన్న సంగతి నాకు అక్కడే తట్టాల్సింది. తట్టలేదు. కిటికీ దించి గాలి పీల్చుకుంటూ కూర్చున్నాను.

దారి కాకపోయినా ముందు అలంపూర్ వెళ్లాం. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి అందరికీ తెలిసినవే. ఊరవతల పాపనాశి గుళ్లు ఉన్నాయి, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. ఇవి మొదటి నుంచీ ఇప్పుడున్న చోట లేవు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతాయని పురావస్తు శాఖ వాళ్లు వీటిని రాయి రాయీ విప్పి, రాళ్లకు అంకెలు వేసి, తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. సంగమేశ్వరాలయం గోడ మీద రథంలాగా చెక్కిన చక్రాలు చూస్తూ మాలో ఒకామె, “ఎంత శ్రద్ధగా తెచ్చారో చూడండి, ఒక్క రాయి తప్పిపోలేదు” అంది. పెద్దమ్మ గుడి మెట్టు మీద కూర్చుని చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, “దేవునికి సర్కారుండె బిడ్డా” అంది. అప్పుడు మేమంతా నవ్వాం.

మళ్లీ జాతీయ రహదారి ఎక్కి, ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన దాటితే వనపర్తి జిల్లా. పెబ్బేరు దగ్గర పక్కకు తిరిగితే శ్రీరంగాపురం. చెరువు, చెరువు ఒడ్డున వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాథుడి గుడి. ఆపైన వీపనగండ్ల, పెంట్లవెల్లి. అక్కణ్నుంచి కొల్లాపూర్ దాకా మామిడి తోటలు. 2016 అక్టోబరు దాకా ఈ దారంతా మహబూబ్‌నగర్ జిల్లానే. ఇప్పుడు మూడు జిల్లాలు దాటామంటున్నాం గానీ, పొట్ట చేతపట్టుకుని దేశమంతా మట్టిపనికి తిరిగిన పాలమూరు ఇదే. కృష్ణ, తుంగభద్ర రెండూ పారే నేలలో తాగడానికి నీళ్లు లేక వలసపోయిన జనం వీళ్లు. పెంట్లవెల్లి మండలంలోని జటప్రోలు పేరు బోర్డు మీద చూడగానే పెద్దమ్మ, “ఇదీ పాతది కాదు, కొత్తదే. మదనగోపాలస్వామిని గూడ పైకి తెచ్చిండ్రు” అంది. ఆమెకు ఆ ప్రాంతంలో ప్రతి ఊరూ రెండు ఊళ్లు. ఒకటి కళ్లకు కనపడేది. ఒకటి నీళ్ల కింద ఉన్నది.

పెద్దమ్మ అత్తగారి ఊరు ఆ నీళ్ల కింద ఉన్నవాటిలో ఒకటి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు కోసం మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. సుమారు లక్షమంది కదిలారు. ఆఖరి తొలగింపు 1981 వేసవిలో జరిగింది. అది ‘ఆపరేషన్ డెమాలిషన్’ అన్న పేరుతో చరిత్రకెక్కింది. మనుషులు ఇంకా ఉండగానే ఇళ్లు కూలగొట్టారు. అంకెలు వేసి విప్పిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. అలంపూర్‌లో పెద్దమ్మ అన్న మాటకు నవ్వినందుకు కారులో కూర్చున్న నాకు అప్పుడు సిగ్గేసింది.

రాత్రికి కొల్లాపూర్‌లో ఆగి, తెల్లారి సోమశిల వెళ్లాం. సోమేశ్వరుడి గుడి కూడా ముంపు నుంచి పైకి తెచ్చి కట్టిందే. గుడి దగ్గర నిలబడితే కింద కృష్ణ సముద్రంలాగా ఉంటుంది. అవతలి ఒడ్డు రాయలసీమ. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వానాకాలం దాటి నీళ్లు నిండుగా ఉన్నన్ని రోజులే శ్రీశైలానికి పడవ నడుస్తుంది. వేసవిలో నీళ్లు దిగిపోతే ఆ పక్క సంగమేశ్వరం గుడి, ఈ పక్క మునిగిన ఊళ్ల మొండిగోడలు బయటపడతాయి. తేలిన ఒండ్రులో కొందరు పంట కూడా వేసుకుంటారు.

పడవెక్కే ముందు ఒక కుర్రాడు రిజిస్టరు పట్టుకుని అందరి పేర్లూ రాసుకుంటున్నాడు. ఇది తప్పదు. 2007 జనవరిలో సింగోటం జాతర సమయంలో ఈ చుట్టుపక్కలే కృష్ణ దాటుతున్న పడవ మునిగి సుమారు అరవై మంది చనిపోయారు. ఊళ్లు మునగక ముందు రెండు ఒడ్లకూ పెళ్లి సంబంధాలుండేవి. ఏరు జలాశయమైనాక చుట్టపు చూపు కూడా ప్రాణాల మీదికొచ్చే పనయింది. కుర్రాడు పెద్దమ్మను పేరడిగాడు, వయసడిగాడు, ఊరడిగాడు. ఆమె నలభై ఏళ్లకు పైగా పెబ్బేరులో కొడుకు దగ్గరుంటోంది. కానీ చెప్పింది మాత్రం మునిగిన ఊరి పేరు.

“అది యాడుందమ్మా, నేను ఇనలే” అన్నాడతను.

“ఈ నీల్లకింద ఉంది నాయనా. రాస్కో.”

అతను ఒక నిమిషం ఆమె మొహం చూసి రాసుకున్నాడు.

పడవ కదిలాక కొంతసేపు విశాలంగా నీళ్లు. తర్వాత నల్లమల దగ్గరపడుతుంది. ఎడమ పక్క అమ్రాబాద్ అడవి, కుడి పక్క ఆత్మకూరు అడవి. రెండు వైపులా కొండలు నిటారుగా లేచి మధ్యలో నీళ్లు పచ్చగా మలుపులు తిరుగుతుంటాయి. ఒక మలుపు అయిపోగానే దారి మూసుకుపోయిందనిపిస్తుంది. ఇంకాస్త పోతే మళ్లీ తెరుచుకుంటుంది. మాలో పరిశోధన చేస్తున్న అమ్మాయి, “అక్కా, ఇది మన ఫియార్డ్. ఇంతదానికి నార్వే పోనక్కర్లేదు” అంది.

నేను నార్వే పోయాను. కొన్నేళ్ల కిందట ఒక సదస్సు కోసం బెర్గెన్ వెళ్లినప్పుడు, ఆఖరి రోజున ఫ్లోమ్ నుంచి గుద్‌వాంగెన్ దాకా నేరోయ్ ఫియార్డ్‌లో పడవ మీద తిరిగాను. కొన్నిచోట్ల ఆ నీళ్ల వెడల్పు పావు కిలోమీటరే. రెండు వైపులా ఆకాశాన్నంటే కొండలు, వాటి మీంచి దారాల్లా జారే జలపాతాలు. మంచుయుగంలో హిమానీనదాలు కొండల్ని లోతుగా కోసుకుపోయాయి. మంచు కరిగి వెనక్కి పోయాక ఆ లోయల్లోకి సముద్రం వచ్చింది. అదే ఫియార్డ్. నేరోయ్ ఒక కొమ్మగా ఉన్న సోన్యె ఫియార్డ్ పొడవు రెండు వందల కిలోమీటర్లకు పైనే, లోతు పదమూడు వందల మీటర్లు. అదీ మునిగిన లోయే. అయితే ఎవరూ ఎవర్నీ ఖాళీ చేయించలేదు. ఆ రోజు పడవ అంచున నిలబడి నేను ఏ శంకా లేకుండా సంతోషపడ్డాను. ఇది ఎవరి కన్నీళ్లూ కలవని అందం అనుకున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, ఆ దేశంలోనూ నీళ్ల కథలు ఉన్నాయని. ఉత్తరాన ఆల్టా నది వచ్చి ఆల్టా ఫియార్డ్‌లో కలుస్తుంది. ఆ నది మీద జలవిద్యుత్తు కోసం ఆనకట్ట కడతామని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, మొదటి పథకం ప్రకారం మాసె అనే సామీ ఆదివాసుల ఊరు మునిగిపోవాలి. సామీలు అడ్డుకున్నారు. పథకాన్ని కుదించారు, మాసె బతికింది. కుదించిన ఆనకట్టను కూడా వాళ్లు ఒప్పుకోలేదు. 1981 జనవరిలో వందల మంది పోలీసులు వచ్చి నిరసనకారుల్ని ఎత్తుకుపోయారు. ఫిబ్రవరిలో పద్నాలుగు మంది సామీ స్త్రీలు ఓస్లోలో ప్రధానమంత్రి కార్యాలయంలోకి వెళ్లి కూర్చున్నారు. అప్పుడు ప్రధానమంత్రి గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్. ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని. పదవిలోకి వచ్చి రెండు మూడు రోజులే అయింది. ఆ స్త్రీలను కూడా పోలీసుల చేత బయటికి పంపించేశారు. ఆనకట్ట 1987లో పూర్తయింది. అయితే ఆ పోరాటం వృథా పోలేదు. 1989లో సామీలకు సొంత పార్లమెంటు వచ్చింది.

అదే 1981. అప్పుడు మన దేశంలో కూడా ప్రధానమంత్రి స్త్రీయే. అధికారంలో స్త్రీ ఉంటే మునిగేవాళ్ల మాట వినపడుతుందని అనుకోవడానికి లేదని ఈ రెండు సంగతులూ చెప్తాయి. అది మనకు కొత్త పాఠమేం కాదు. నన్ను పట్టుకున్నది ఇంకో తేడా. సామీ స్త్రీలు పద్నాలుగు మంది ప్రధాని గదిలోకి పోగలిగారు. మా పెద్దమ్మ ఒక గుమాస్తా రాసే కాగితంలోకి కూడా పోలేకపోయింది. ఆ గుమాస్తా మా నాన్న.

ఈ సంగతి నాకు ఆ పడవలోనే తెలిసింది. అది ఎలా తెలిసిందో చెప్పాలి.

పడవ ఒక గుట్ట పక్క నుంచి పోతుంటే పెద్దమ్మ లేచి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆమె ఊరు ఆ దరిదాపుల్లోనే అని నాకు తెలుసు. ఏడుస్తుందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఏడవాలని ఎదురుచూశాను. నీళ్ల సీసా పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. మా పరిశోధక విద్యార్థిని ఫోన్ తీసి పట్టుకుంది. పెద్దమ్మ గుట్ట కొసను చూసి నవ్వింది.

“ఈ గుట్టను రోజు కిందికెల్లి తలెత్తి సూస్తుంటి. ఇంత దగ్గర ఎన్నడు సూస్తి? ఎంత సక్కగుందే!”

నాకేం మాట్లాడాలో తెలియలేదు. “ఊరు గుర్తొస్తలేదా పెద్దమ్మా?” అన్నాను.

“ఎందుకు రాదు? అర్ధమైలు ఏటికి పోయి కుండల నీల్లు మోసి మోసి నడుములు పడిపోయె. అత్త నిలవెట్టి లెక్కవెడుతుండె ఎన్ని కుండలు తెచ్చిన్నని. ఇప్పుడు ఏరే ఊరిమీదికొచ్చె.” కాసేపాగి అంది, “ఊరు పోయిందని మీ పెదనాయన ఏడ్సిండు. నేను నా రెండెకరాల కోసం ఏడ్సిన.”

ఆ రెండెకరాలు మా తాత ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చినవి. ఇచ్చాడని ఊరంతా ఎరుగుదురు. రాతకోతలు లేవు. ముంపు ఊళ్ల జాబితాలు రాసేటప్పుడు మా నాన్న ఒక కార్యాలయంలో గుమాస్తా. తన తోడికోడలి మొగుడిలా కాదు, సొంత చెల్లెలి మొగుడు కదా అని పెద్దమ్మ అతన్ని అడిగిందట, ఆ రెండెకరాలు నా పేరున రాయి మరిదీ అని. ఆ కాగితంలో అట్లాంటి గడి లేదు వదినా, ఇంటి యజమాని పేరు రాసే గడి ఒకటే ఉంది అన్నాడట నాన్న. నష్టపరిహారం పెదనాన్న చేతికొచ్చింది. ఒక ఎడ్లజత కొన్నాడు, పాత అప్పు తీర్చాడు, మిగిలింది ఏడాదిలో కల్లు దుకాణానికి పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు తండ్రి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ తెచ్చిన చట్ట సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. పెద్దమ్మ నేల అప్పటికే నీళ్ల కింద ఉంది. 1986లో జీవో 98 వచ్చింది, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామని. మా అన్న దరఖాస్తు పెట్టాడు. అతనికి ఇప్పుడు జుట్టు నెరిసింది.

మా నాన్న చెడ్డమనిషి కాదు. లంచం ముట్టలేదని ఊళ్లో చెప్పుకునేవారు. నన్ను చదివించింది ఆయనే. నేను రాత్రుళ్లు చదువుకున్న బల్బులో వెలిగిన కరెంటు, ఆ జాబితాలు రాసిన ఉద్యోగంలోంచి వచ్చిన ఫీజు డబ్బులు, ఈ రెండూ నన్ను ఇక్కడిదాకా తెచ్చాయి. ఇవాళ పితృస్వామ్యం మీద పత్రాలు సమర్పించే నాకు ఆ చదువుకు పెట్టుబడి ఎక్కడిదో తెలిసేసరికి యాభై ఏళ్లు దాటాయి.

పడవలో ఇంకెవరూ మాట్లాడలేదు. నేనే అడిగాను, “మా నాన్న మీద నీకు కోపం లేదా?”

“కోపమెందుకు బిడ్డా? ఆయన రాయకుంటె ఇంగొకడు రాస్తుండె. గడి లేదన్నడు, నిజమే, లేకుండెనేమో. వేరే కాయిదం మీదనన్న నా పేరు రాసి పెట్టుకుంటె బాగుండు. గంతే.”

ఆమె మళ్లీ కొండల్ని చూడ్డంలో పడిపోయింది. నేను కొండల్ని చూడలేకపోయాను.

నా ప్రశ్నకు నేను మూడు జవాబులు ప్రయత్నించి చూశాను. మొదటిది, ఈ అందాన్ని చూడకూడదు అనుకోవడం. మునిగిన ఇళ్ల మీద విహారం చెయ్యడం సమాధుల మీద విందు చేసుకోవడంలాంటిది కదా అని. వినడానికి నిక్కచ్చిగా ఉంది. కానీ నేను పడవెక్కకపోతే పెద్దమ్మ రెండెకరాలు తేలవు. నేను ఇంట్లో కూర్చుని స్విచ్చి వేసినా అదే నీటి కరెంటు. నా చేతులు శుభ్రంగా ఉన్నాయని నాకు నేను చెప్పుకోవడానికి తప్ప ఆ నిషేధం ఎవరికీ పనికిరాదు. పైగా ఈ నియమం పెద్దమ్మకు వర్తిస్తుందా? ఆమె సొంత గుట్టను ఆమె చూడకూడదని చెప్పడానికి నేనెవరిని?

రెండోది, అందానికి పాపం లేదు, ప్రాజెక్టు కట్టినవాళ్ల సంగతి వేరు, కొండల సంగతి వేరు అనుకోవడం. కొండలకు పాపం లేని మాట నిజమే. కానీ ఆ నీటిమట్టం కొండలు పెట్టుకున్నది కాదు. 885 అడుగులని మనుషులు నిర్ణయించారు. నాకు అంత సుఖంగా కనపడిన ఆ నిండుదనం ఒక సంతకం ఫలితం. దాన్ని ప్రకృతి అని పిలిచిన క్షణం నుంచి ఆ సంతకం చెరిగిపోతుంది. ఫియార్డ్ అన్న ముద్దుపేరు చేసే పని అదే. హిమానీనదాన్ని ఎవరూ పరిహారం అడగరు.

మూడోది, చూసి దుఃఖించడం. మనలాంటి వాళ్లం ఎక్కువగా చేసేది ఇదే. నేను చేసిందీ ఇదే. పెద్దమ్మ కన్నీళ్ల కోసం నీళ్ల సీసాతో సిద్ధపడ్డాను. ఆమె ఏడిస్తే నా సంతోషానికి తగిన మూల్యం చెల్లించినట్టు అవుతుందని లోపల ఎక్కడో అనుకుని ఉంటాను. ఆమె ఏడవలేదు. మునిగిన ఊరి మీద బెంగ అందరికీ ఒకేరకంగా ఉండదు. నీళ్లు మోసిన మనిషి ఊరు, రచ్చబండ మీద కూర్చున్న మనిషి ఊరు ఒకటి కాదు. ఊరి బావి దగ్గరికి రానియ్యని వాడలో బతికినవాళ్ల ఊరు ఇంకా వేరు. ఆస్తిని లెక్కగట్టి ఇచ్చే పరిహారంలో, భూమి లేని కూలీ ఆడమనిషికి పోయిన పనీ, పోయిన చేదోడూ ఏ లెక్కలోకీ రావు. ఇవన్నీ కలిపి మనం ‘ముంపు ఊళ్ల గోస’ అని ఒక్క మాటతో రాసేస్తాం. నష్టపోయిన మనిషిని ఎప్పుడూ నష్టపోయిన మనిషిగానే కనపడమని అడగడం కూడా పెత్తనమే. ఆ మనిషికి అందాన్ని చూసి మురిసే హక్కు మిగలకుండా చేస్తుంది అది.

సాయంత్రం అవుతుండగా పడవ నడిపే అతను ఒక పక్కకు చెయ్యెత్తి, అటే అక్కమహాదేవి గుహలని చూపించాడు. పన్నెండో శతాబ్దంలో కౌశికుడనే రాజును, అతని అంతఃపురాన్ని, ఆఖరికి కట్టుబట్టను కూడా వదిలేసి కన్నడదేశం నుంచి ఈ అడవికి నడిచొచ్చిన కవయిత్రి ఆమె. మనం ఆమెను తిరుగుబాటుకు గుర్తుగా చెప్పుకుంటాం. నాకు ఆ పూట వేరే ఆలోచన వచ్చింది. ఆమె వదిలింది తనదైన దాన్ని, తనకు తానుగా. వదలడం ఒక ఎంపికగా ఉన్నవాళ్లకే అది త్యాగం అవుతుంది. పెద్దమ్మను ఎవరూ వదులుతావా అని అడగలేదు. వదిలినట్టు సంతకం కూడా ఆమెది కాదు.

మరి ఆ బాకీ ఏమిటి? పెద్దమ్మ చెప్పిన మాటలోనే ఉందనుకుంటున్నాను. గడి లేదన్నది మా నాన్న విషయంలో నిజం. ఆయన ఆ గడిని సృష్టించలేడు. కానీ న్యాయం అక్కడితో ఆగిపోదు. ఇంటికొచ్చి ఇంకో కాగితం తీసుకుని, ఫలానా ఊళ్లో ఫలానా ఆమెకు తండ్రి ఇచ్చిన నేల ఇంత అని రాసి పెట్టి ఉంటే, దానికి ఆ రోజున విలువ ఉండకపోవచ్చు. కానీ అలాంటి కాగితాలు వందల ఇళ్లలో ఉండి ఉంటే తర్వాత వచ్చిన చట్టాలకు, దరఖాస్తులకు, పోరాటాలకు అవి సాక్ష్యాలయ్యేవి. 2013 భూసేకరణ చట్టం నాటికి వితంతువులను, విడాకులు తీసుకున్నవాళ్లను, కుటుంబాలు వదిలేసిన ఆడవాళ్లను వేరే కుటుంబాలుగా లెక్కించాలని రాయగలిగారు. ఆ గడులు ఆకాశంలోంచి ఊడిపడలేదు. లేవని తెలిసి కూడా అడిగిన ఆడవాళ్ల వల్ల వచ్చాయి. మా పెద్దమ్మ కూడా అడిగింది. ఆమె అడిగినట్టు ఎక్కడా రాసి లేదు, అంతే తేడా.

కాబట్టి సంతోషానికి శిక్ష వేసుకోవాలని నేను అనుకోవడం లేదు. మళ్లీ నీళ్లు నిండితే మళ్లీ ఆ పడవెక్కుతాను. అయితే ఎక్కే ముందు అడగాల్సినవి అడుగుతాను. ఇక్కడ ఏ ఊళ్లుండేవి, ఎవరికి ఎంత నేల ఉండేది, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు, వాళ్ల కాగితాలు ఏ బీరువాలో ఆగిపోయాయి? విన్నది రాసి పెడతాను. సోమశిలకూ అవతలి ఒడ్డుకూ మధ్య పెద్ద వంతెన రాబోతోంది. వంతెన వస్తే సందర్శకులు ఇంకా పెరుగుతారు. మనలో చాలామంది విద్యార్థుల్ని విహారయాత్రలకు తీసుకెళ్లేవాళ్లమే. ఒక్కో బస్సు ఒక్కో మునిగిన ఊరి గురించి, ఆ ఊరి ఆడవాళ్ల నోటి నుంచి విని రాసుకొచ్చినా, గడి లేని పేర్లకు ఒక పుస్తకం అవుతుంది. అది పరిహారం కాదు. పరిహారం ఇవ్వాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లను నిలదీయడానికి అది పనికొస్తుంది.

శ్రీశైలం రేవులో దిగాక, ఇవన్నీ రాస్తాను, నీ పేరు, నీ ఊరి పేరు కూడా రాస్తాను అన్నాను పెద్దమ్మతో. ఆమె కాసేపు ఆలోచించింది. “వద్దులే బిడ్డా. పిలగాని కాయిదాలు ఇంగ ఆఫీసులనే ఉన్నయి. ఏమన్న అడ్డమొస్తదేమో” అంది. మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది.

“పడవకాడ పిలగాడు రాసుకున్నడు గద, నా పేరు, ఊరి పేరు రెండు పక్కపక్కనే. నువ్వు సూసినవా?”

చూశానన్నాను. నిజానికి చూడలేదు. ఈసారి వెళ్లినప్పుడు ఆ రిజిస్టరు అడగాలి.